నరం నెలకు మూడు సెంటీమీటర్లే పెరుగుతుంది

గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్) వచ్చి కోలుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఈ జబ్బుతో మంచం పట్టినవాళ్లకి "ధైర్యంగా ఉండు" అన్న మాట రోజూ వినబడుతుంది. ఎలా ఉండాలో మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. నాకు తెలిసినంతలో ఈ జబ్బులో ఆశ నిలబడాలంటే రెండు సంగతులు తెలియాలి. జబ్బు ఏ వేగంతో నడుస్తుందో ఒకటి, దేన్ని కొలవాలో రెండోది.

ముందు జబ్బు సంగతి. ఏదో ఇన్ఫెక్షన్ మీద పోరాడటానికి ఒంట్లో తయారైన రక్షణ కణాలూ యాంటీబాడీలూ పొరబడి సొంత నరాల మీదే పడతాయి. చాలామందిలో విరేచనాలో, దగ్గు జలుబో వచ్చి తగ్గిన కొద్ది వారాలకు ఇది మొదలవుతుంది. కాళ్లలో తిమ్మిర్లు, తర్వాత బలహీనత, అది పైపైకి పాకడం. దిగజారే దశ దాదాపు అందరిలోనూ నాలుగు వారాల లోపే ఆగిపోతుంది. కొన్నాళ్లు ఎక్కడిదక్కడే ఉండి, ఆ తర్వాత కోలుకోవడం మొదలవుతుంది.

మొదటి నిరాశ ఆసుపత్రిలోనే ఎదురవుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తే మామూలుగా రోజుకు కిలో బరువుకు 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు ఎక్కిస్తారు. లేదంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) మార్పిడి చేస్తారు. అయిదో రోజు సీసా ఖాళీ అయ్యాక కూడా కాళ్లు లేవకపోతే మందు పనిచేయలేదని ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. ఈ రెండు చికిత్సలూ దాడిని అదుపు చేస్తాయి, అంతవరకే వాటి పని. దెబ్బతిన్న నరాన్ని బాగుచేసుకోవలసింది ఒళ్లే. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెబితే ఎన్నో కన్నీళ్లు తప్పుతాయి. రాని తేదీ మీద పెట్టుకున్న ఆశే మనిషిని ఎక్కువగా విరుస్తుంది.

నరం బాగుపడటం రెండు రకాలు. కరెంటు తీగ మీద రబ్బరు తొడుగులా నరం చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. ఆ పొర మాత్రమే పోతే వారాల నుంచి నెలల్లో మళ్లీ ఏర్పడుతుంది. లోపలి పోగు కూడా తెగితే అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున, అంటే నెలకు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది. వెన్ను నుంచి పాదం దాకా ఉన్న దూరం తలుచుకుంటే తొడ కండరం లేచిన ఎన్నాళ్లకో గానీ పాదం ఎందుకు లేవదో అర్థమవుతుంది. ఆరు నెలలు గడిచేసరికి నూటికి ఎనభై మంది దాకా సాయం లేకుండా నడుస్తారు. కొందరికి పాదం పైకి లేవకుండా వేలాడటం, నీరసం, తిమ్మిర్లు మిగిలిపోతాయి. ఈ రెండు మాటలూ కలిపి చెప్పడమే నిజాయితీ. ఒకదాన్ని దాచిపెట్టి కట్టిన ఆశ ఎక్కువ రోజులు నిలవదు.

ఇక కొలత. కండరం బలాన్ని డాక్టర్లు సున్నా నుంచి ఐదు దాకా లెక్కిస్తారు. సున్నా అంటే చలనమే లేదు. ఒకటి అంటే అవయవం కదలదు గానీ కండరం ముడుచుకోవడం తెలుస్తుంది. రెండు అంటే పైకి ఎత్తలేరు, పక్కకు జరపగలరు. మూడు అంటే పైకి ఎత్తగలరు. నాలుగు అంటే ఎదురుగా చేత్తో నొక్కినా కొంత తట్టుకుంటారు. ఐదు మామూలు బలం. సున్నాకీ ఒకటికీ ఉన్న తేడా దూరం నుంచి చూసేవాళ్లకి కనబడదు. పడుకుని, చీలమండ ముందు భాగం మీద ఎవరినైనా రెండు వేళ్లు తేలిగ్గా ఆనించమని, బొటనవేలు పైకి లేపే ప్రయత్నం చేయాలి. వేలు కదలకపోయినా, చర్మం కింద స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ఒక్క క్షణం బిగుసుకుని సడలితే అది ఒకటి. నరం అక్కడిదాకా వచ్చిందన్నమాట! ఈ జబ్బులో నేను చూసిన శుభవార్తల్లో ఇంతకు మించింది లేదు.

ఈ అంకెలు రోజూ రాయకూడదు. ఒక రోజులో నరం పెరిగేది మిల్లీమీటరే కాబట్టి రోజువారీ తేడాల్లో నిద్ర, జ్వరం, అలసటే కనబడతాయి గానీ కోలుకోవడం కనబడదు. పదిహేను రోజులకోసారి, అదే సమయానికి, వీలైతే ఉదయం పూట, ఫిజియోథెరపిస్టు చేత చూపించుకుని రాసుకోవాలి. నాలుగు దగ్గరికి వచ్చాక అంకె నెలల తరబడి కదలదు. చాలామంది ఇంతేనేమో అనుకునేది ఇక్కడే. అప్పుడు కొలతే మార్చాలి. పది మీటర్లు నడవడానికి ఎన్ని సెకన్లు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి అయిదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు అని చూస్తే అంకెలు మళ్లీ కదులుతాయి.

వెనకడుగు పడే రోజులు తప్పవు. నిన్న రెండు వైపులా కడ్డీలు పట్టుకుని నడిచిన మనిషి ఈ రోజు లేవలేకపోవచ్చు. అప్పుడు మనసులో పుట్టే వాక్యం చాలావరకు "ఇక నేను నడవలేను" అనే ఉంటుంది. మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ చెప్పిన మూడు ప్రశ్నలతో ఆ వాక్యాన్ని విప్పి చూడొచ్చు. ఇది శాశ్వతమా, తాత్కాలికమా? మొత్తం పోయిందా, ఒక్క చోటే తగ్గిందా? తప్పంతా నాదేనా, వేరే కారణాలున్నాయా? జవాబులు ఊహించి రాయకూడదు, ఆ రోజు సంగతులే రాయాలి. "ఈ రోజు కాళ్లు లేవలేదు. చేతుల పట్టు అలాగే ఉంది. రాత్రి నొప్పితో నిద్ర లేదు. నిన్న వ్యాయామం ఎక్కువైంది." ఇలా రాస్తే చేయవలసిన పని దానంతటదే బయటపడుతుంది. కోలుకుంటున్న కండరాన్ని అతిగా వాడితే బలహీనత పెరుగుతుంది. వ్యాయామం చేసిన మర్నాడు కూడా కాళ్లూ చేతులూ బరువుగానే ఉంటే ఆ మోతాదు ఎక్కువైనట్టే, తగ్గించాలి.

అయితే ప్రతి వెనకడుగునూ అలసట ఖాతాలో వేయకూడదు. చికిత్స తర్వాత మొదటి రెండు నెలల్లో, పదిమందిలో ఒకరికి దాకా, జబ్బు మళ్లీ ఎక్కువ కావచ్చు. విశ్రాంతి తీసుకున్నా తగ్గని బలహీనత, పైకి పాకే తిమ్మిరి, మింగలేకపోవడం, ఒకే ఊపిరిలో ఒకటి రెండు లెక్కపెడుతుంటే ఆ అంకె పడిపోతూ రావడం, ఇవి వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు. ఎనిమిది వారాలు దాటాక కూడా దిగజారుతుంటే సీఐడీపీ అనే దీర్ఘకాలిక నరాల జబ్బేమో అని డాక్టర్లు చూస్తారు. ప్రమాద సూచనలు ఏవో తెలిసి ఉంటే మిగతా రోజుల్లో నిశ్చింతగా ఉండొచ్చు.

ముందే రాసిపెట్టుకునే "ఇలా అయితే ఇలా చేస్తాను" వాక్యాలు కూడా బాగా పనిచేస్తాయి. మధ్యాహ్నం కాళ్లు బరువెక్కితే ఇరవై నిమిషాలు పడుకుని మిగిలిన వ్యాయామంలో సగమే చేస్తాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి భయం పట్టుకుంటే కాగితం మీద ఒక ముక్క రాసి, పొద్దున్న పదింటికి చూస్తాను. ఉత్తినే "బాగైపోయాను" అని ఊహించుకుంటూ ఉంటే మనసుకి హాయిగానే ఉంటుంది గానీ ప్రయత్నం సడలుతుంది. ఆ ఊహ పక్కనే అడ్డంకినీ, దానికి చేయబోయే పనినీ పెట్టాలి.

పాదానికి వేసే ప్లాస్టిక్ స్ప్లింట్‌ని చూసి ఓడిపోయామనుకునేవాళ్లు ఉన్నారు. అది మడమ వెనక స్నాయువు కురచ కాకుండా కాపాడుతుంది. నరం పాదం చేరేసరికి కీలు బిగుసుకుపోయి ఉంటే వచ్చిన బలం దండగవుతుంది.

నరాల నొప్పి రాత్రిళ్లు ఎక్కువగా ఉంటుంది. ఓర్చుకోవడం గొప్ప కాదు. దీనికి గాబాపెంటిన్ లాంటి ప్రత్యేకమైన మందులు ఉన్నాయి, అడగాలి. నిద్ర కుదిరితే సగం దిగులు తగ్గుతుంది. అలా కాక రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకడం అనవసరం అనిపించినా, దాన్ని ధైర్యం చాలకపోవడం అనుకోవద్దు. డిప్రెషన్ చికిత్స ఉన్న జబ్బు. రెండు వారాలు గడిచేదాకా కూడా ఆగక్కర్లేదు, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిన రోజే పక్కనున్నవాళ్లకి, డాక్టరుకి చెప్పాలి.