కొత్త రిపోర్ట్ సర్వర్‌కు మారే ముందు మేము చూసుకున్నవి

వరంగల్‌లో పత్తి జిన్నింగ్ (గింజ నుంచి దూది వేరుచేసే మిల్లు) నడిపే ఒక సంస్థలో నేను డేటా, రిపోర్టుల పని చూస్తాను. ఎనుమాముల మార్కెట్‌లోనూ మిల్లు కాంటా దగ్గరా కొన్న ప్రతి బండి తూకం, తేమ శాతం, ధర, తక్‌పట్టీ (కొనుగోలు చీటీ) సంఖ్య సాయంత్రానికల్లా మా డేటాబేస్‌కు చేరతాయి. మరునాడు ఉదయం 6 గంటలకు అవి రిపోర్టులుగా మారి యజమానులకు, మిల్లు మేనేజరుకు, అడ్తిదారులకు (మార్కెట్ కమీషన్ ఏజెంట్లకు) ఈమెయిల్‌లో వెళ్తాయి. ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నది మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016లో భాగమైన రిపోర్టింగ్ సర్వీసెస్. ఆ వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే పొడిగించిన మద్దతుకు గడువు 2026 జులై 14 కాబట్టి మారక తప్పదని మాకు ముందే తెలుసు. దేనికి మారాలి, ఎప్పుడు మారాలి, మారితే చేతిలో ఉన్నదేది పోతుంది అన్న మూడు సంగతులు తేల్చుకోవడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది.

మా ముందు రెండు దారులున్నాయి. మొదటిది రిపోర్టింగ్ సర్వీసెస్ 2022. పాత అలవాట్లకు అదే దగ్గర, కానీ ఆ వరుసలో అదే చివరిది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025 నుంచి, సొంత సర్వర్‌పై నడుపుకునే రిపోర్టులన్నిటికీ తన మరో రిపోర్టుల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐకి చెందిన రిపోర్ట్ సర్వరే ఆధారమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మేము ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న ఆర్‌డీఎల్ (రిపోర్టింగ్ సర్వీసెస్ వాడే ఫైలు రకం) రిపోర్టులు అందులోనూ నడుస్తాయి కాబట్టి, మళ్ళీ ఇంకోసారి ఇల్లు మారే శ్రమ ఎందుకని నేను రెండవ దారి వైపే మొగ్గాను. దానికీ ఒక షరతు ఉంది. ఆ సర్వర్‌కు సాధారణంగా ఏడాదికి మూడుసార్లు కొత్త విడుదల వస్తుంది, రిపోర్టు తయారుచేసే కంప్యూటర్లలో దానికి సరిపడే పవర్ బీఐ డెస్క్‌టాప్ (రిపోర్టులు రూపొందించే ప్రోగ్రాం) వెర్షనే ఉండాలి. అందరికీ తెలిసిన మామూలు పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో చేసిన ఫైలును సర్వర్ అంగీకరించకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్ చూపించడానికి వచ్చినవారు రంగురంగుల గ్రాఫులు బాగానే చూపించారు. నేను మాత్రం ముందుగా పోయేవాటి జాబితా రాసుకున్నాను. అందులో పెద్దది ఫోను తెర కోసం ప్రత్యేకంగా చేసే మొబైల్ రిపోర్టులు. 2016లో వచ్చిన ఈ సౌకర్యాన్ని 2022 వెర్షన్‌లోనూ పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్‌లోనూ తీసేశారు. మా యజమాని పొద్దున లేవగానే ఫోనులో చూసుకునే సరుకు రాబడి పేజీ ఆ పద్ధతిలో చేసినదే, కనుక దాన్ని పవర్ బీఐలో మొదటి నుంచి మళ్ళీ కట్టవలసి వచ్చింది.

అలా కట్టిన పేజీని, పాత దినసరి రిపోర్టును పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మా అకౌంటెంట్ ఫోన్ చేశారు: "సార్, నిన్నటి తేమ లెక్క రెండు తీర్ల వస్తున్నదేంది? దీంట్ల పది ఉన్నది, దాంట్ల పదకొండున్నది." రెండు రోజులు వెతికితే కారణం దొరికింది. ఆర్‌డీఎల్ రిపోర్టులో రౌండ్ అనే సూత్రం సరిగ్గా సగం దగ్గర ఉన్న అంకెను దగ్గరి సరిసంఖ్యకు మారుస్తుంది కాబట్టి 10.5 కాస్తా 10 అవుతుంది. పవర్ బీఐ లెక్కల భాష డాక్స్‌లోని రౌండ్ అదే 10.5ను పైకి తీసుకుపోయి 11 చేస్తుంది. దేని నియమం దానికి సరైనదే. కానీ పత్తి కొనుగోలులో తేమ శాతం చిన్న విషయం కాదు. భారత పత్తి సంస్థ (సీసీఐ) సైతం 8 శాతం వరకే పూర్తి మద్దతు ధర చెల్లిస్తుంది, అక్కడి నుంచి 12 శాతం వరకు తేమను బట్టి కోత వేస్తుంది. మా దగ్గర కోతను డేటాబేస్‌లోనే పూర్తి దశాంశాలతో లెక్కగడతాము కాబట్టి ఎవరి సొమ్మూ తేడా రాలేదు. అయినా రెండు తెరలపై రెండు అంకెలు కనబడితే రైతుకు మేమేం జవాబు చెబుతాం? అందుకే అంకెను రౌండ్ చేసే పనిని రెండు రిపోర్టుల నుంచీ తీసేసి, డేటాబేస్ నుంచి అంకెలు తెచ్చే క్వెరీలోనే ఒక్కసారి ఒక దశాంశ స్థానానికి రౌండ్ చేసి, రెండింటికీ అదే పంపుతున్నాము.

తెలుగు ముద్రణ నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది. రైతుకిచ్చే చెల్లింపు చీటీని గౌతమి ఫాంటులో రూపొందించాము. ఒకప్పుడు విండోస్‌తోపాటే వచ్చిన ఆ ఫాంటు, విండోస్ 10 నుంచి విడిగా చేర్చుకోవలసిన తెలుగు అనుబంధ ఫాంట్లలోకి వెళ్ళింది. మా కొత్త సర్వర్‌లో అది లేదు. దాని స్థానంలో నిర్మలా యూఐ వచ్చి అక్షరాలు కనిపించాయి గానీ, కొలతలు మారిపోయి మొగుళ్ళపల్లి వంటి పొడవాటి ఊరి పేర్లు రెండో వరుసలోకి దిగాయి, ప్రతి పేజీలోనూ మొత్తం చూపే చివరి వరుస తరువాతి కాగితంపైకి జారింది. అది రైతు చేతికి వెళ్ళే కాగితం. తన ఊరి పేరు, తన తూకం, తనకు రావలసిన మొత్తం ఒకే కాగితంపై అతడు తానుగా చదువుకోగలగాలి. ఫాంటును చేర్చాక, గత సీజను చీటీలను వందకు పైగా మళ్ళీ ముద్రించి పాతవాటితో పోల్చి చూశాకే ఆ అంశం ఎదుట సరి అని రాశాను.

భాషా అమరిక ఖాళీగా వదిలేసిన రిపోర్టుల్లో కొత్త సర్వర్‌పై 12,34,567 అన్నది 1,234,567గా మారింది, తేదీల్లో నెల ముందుకొచ్చింది. ప్రతి రిపోర్టులోనూ భారతీయ అమరికను స్పష్టంగా పెట్టడంతో అది సరిపోయింది.

ఈ పరిశీలనలో నా వల్ల ఒక పొరపాటు జరిగింది, ఇలాంటి పనికి దిగేవారు తప్పక గమనించాలని చెబుతున్నాను. పరీక్ష కోసం పాత రిపోర్ట్ సర్వర్ డేటాబేస్ నకలును కొత్త యంత్రంలో పెట్టి, అందులో దాచిన పాస్‌వర్డులను తెరిచే ఎన్‌క్రిప్షన్ కీ పునరుద్ధరించి, ఈమెయిల్ వివరాలు కూడా నింపాను. సర్వీసు మొదలవగానే ఆ నకలులో ఉన్న షెడ్యూళ్ళన్నీ, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పనులను సమయానికి నడిపే ఏజెంట్ అనే భాగంలో మళ్ళీ తయారయ్యాయి. మరునాడు ఉదయం అడ్తిదారులందరికీ ఒకే రిపోర్టు రెండుసార్లు వెళ్ళింది, రెండోది నాలుగు రోజుల కిందటి డేటాతో. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సంజాయిషీ చెప్పుకున్నాను. పరీక్ష యంత్రంలో ఈమెయిల్ వివరాలు నింపకుండా ఉంటే ఇది జరిగేది కాదు.

జిల్లాల పటం ఉన్న రిపోర్టుల పాత లోపం కూడా ఈ సందర్భంలోనే బయటపడింది. మా డేటాలో వరంగల్ అని ఉన్నచోట 2016 అక్టోబరుకు ముందైతే ఉమ్మడి జిల్లా, 2021 ఆగస్టు తరువాతైతే అంతకుముందు వరంగల్ రూరల్‌గా ఉన్న జిల్లా అని అర్థం. వరంగల్ అర్బన్ జిల్లా అప్పుడే హనుమకొండ అయింది. ఒకే పేరు కింద ఈ రెండింటినీ కలిపి పదేళ్ళ గ్రాఫు గీస్తే అది అబద్ధం చెబుతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ దీన్ని సరిచేయదు కాబట్టి, మండలాల ఆధారంగా పాత వరుసలన్నిటికీ నేటి జిల్లా పేరును వేరే నిలువు వరుసలో చేర్చే పని మొదలుపెట్టాము.

అక్టోబరులో పత్తి రావడం మొదలైతే కాంటా దగ్గర ఎవరికీ ఊపిరి సలపదు. అప్పుడు సర్వర్ మార్చకూడదని యజమానికి రాతపూర్వకంగా చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. సీజను ముగిసి కొనుగోళ్ళు తగ్గాక ఒక నెలపాటు రెండు సర్వర్లనూ పక్కపక్కన నడిపి, రోజూ ఇరవై రిపోర్టుల మొత్తాలు పోల్చి చూస్తాము. ఒకసారి కొత్త వెర్షన్ తాకిన డేటాబేస్ పాత సర్వర్‌కు మళ్ళీ పనికిరాదు కాబట్టి, మార్పు ముందటి బ్యాకప్, ఎన్‌క్రిప్షన్ కీ, దాని పాస్‌వర్డ్ ఒక కవరులో పెట్టి బీరువాలో ఉంచాము. ఆ కవరు ఎక్కడ ఉందో నాతోపాటు మా అకౌంటెంట్‌కు కూడా తెలుసు.