నోటీస్ పీరియడ్‌లో మనసు మారితే

రాజీనామా మెయిల్ పంపిన కొన్నాళ్ళకి కొత్త కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఒక పీడీఎఫ్ వచ్చింది. వాళ్ళ ఇమిగ్రేషన్ పాలసీ. ఫోన్లో "చేరిన వెంటనే గ్రీన్‌కార్డ్ మొదలుపెడతాం" అన్నారు కదా, కాగితం మీదకి వచ్చేసరికి అది "ఏడాది సర్వీసు నిండి, రివ్యూ బాగుంటే" అయింది. అప్పటికి నా హెచ్‌1బీ, అంటే అమెరికాలో పని చేయడానికి కంపెనీ పిటిషన్ మీద వచ్చే వీసా, ఐదో ఏట ఉంది.

హెచ్‌1బీ మామూలుగా ఆరేళ్ళు. ఆ పైన కూడా ఉండాలంటే ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ మన తరఫున వేసే పిటిషన్) ఆమోదం చేతిలో ఉండాలి, లేదా కనీసం పర్మ్ (దానికి ముందు లేబర్ శాఖకి కంపెనీ పెట్టే దరఖాస్తు) వేసి ఏడాదైనా గడిచి ఉండాలి. పర్మ్ వేయాలంటే ముందు ప్రివెయిలింగ్ వేజ్ రావాలి, అంటే ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో ఎంత జీతం ఇవ్వాలో లేబర్ శాఖ తేల్చి చెప్పాలి. తర్వాత ఆ పనికి ఇక్కడివాళ్ళు దొరుకుతారేమో చూడడానికి ఉద్యోగ ప్రకటనలు ఇచ్చి ఆగాలి. వీటికే నెలలకు నెలలు పోతాయి. కొత్త చోట ఏడాది ఆగి మొదలుపెడితే నా ఆరేళ్ళూ ముందే అయిపోతాయి. మా ఆయన హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) కూడా నా హోదా మీదే ఆధారపడి ఉంది. పాత కంపెనీలో జీతం తక్కువే గానీ ప్రివెయిలింగ్ వేజ్ వచ్చేసింది. ప్రకటనల దగ్గరే పని కదలకుండా ఉండిపోయింది. ఆ విసుగుతోనే బయటికి చూశాను.

అమ్మకి ఫోన్ చేసి చెబితే, "మానేస్తానని చెప్పిన చోటికి మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్తావే?" అంది. అమ్మనేమీ అనను. మనలో చాలామంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన మనవాళ్ళలోనే, మనసు మారినా అడగడానికి మొహం చెల్లక, ఇష్టం లేని కొత్త ఉద్యోగంలో చేరిపోయినవాళ్ళు ఉన్నారు. అడిగితే కాదనేవాళ్ళో ఏమో, వాళ్ళకి తెలియనే తెలియదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక్కడ రాజీనామా వెనక్కి తీసుకునే హక్కంటూ మనకి లేదు. మోంటానా తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉద్యోగం 'ఎట్ విల్' పద్ధతిలోనే నడుస్తుంది. కాంట్రాక్టులో వేరే షరతు లేకపోతే ఇటు మనమూ అటు వాళ్ళూ ఎప్పుడైనా తెంచుకోవచ్చు. రెండు వారాల నోటీసు కూడా ఆనవాయితీయే, ఫెడరల్ చట్టం కాదు. అంటే ఒకసారి ఇచ్చిన రాజీనామాని ఒప్పుకోవడమా, వెనక్కివ్వడమా అనేది పూర్తిగా కంపెనీ ఇష్టం. ఇష్టం వాళ్ళదైనప్పుడు మన చేతిలో ఉండేది ఒక్కటే, ఎంత త్వరగా అడిగామన్నది. మన స్థానంలో ఇంకొకరికి ఆఫర్ వెళ్ళాక ఎంత మంచి మేనేజరైనా ఏం చేయగలడు?

అందుకని మర్నాడు పొద్దున్నే మేనేజర్‌ని పదిహేను నిమిషాల టైమ్ అడిగాను. జీతం పెంచమని బేరం పెట్టలేదు. "గ్రీన్‌కార్డ్ విషయంలో వాళ్ళు చెప్పిందొకటి, రాసిందొకటి. నేను ఇక్కడే ఉండాలనుకుంటున్నాను, మీకు కుదురుతుందా?" అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రెండు ప్రశ్నలు అడిగారు: మళ్ళీ ఆర్నెల్లకి వెళ్ళిపోతావా? ప్రకటనలు కదిలిస్తే ఉంటావా? రెండో దానికి ఉంటానన్నాను. మొదటిదానికి, పర్మ్ నడుస్తున్నంతకాలం కదలనని చెప్పాను. అది నిజమే కాబట్టి చెప్పడం కష్టం కాలేదు.

ఆయన సరేనన్నా పని అక్కడితో అయిపోదు. ఎక్కువమంది పట్టించుకోని భాగం ఇదే. మనం రాజీనామా ఇవ్వగానే హెచ్‌ఆర్ సిస్టమ్‌లో చివరి తేదీ ఎక్కుతుంది. ఆ రోజుకి లాగిన్లు, పేరోల్ లాంటివి వాటంతటవే ఆగిపోతాయి. లాయర్ ఆఫీసుకి కూడా కబురు వెళ్తుంది, హెచ్‌1బీ పిటిషన్ ఉపసంహరించుకుంటున్నట్టు వాళ్ళు ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి రాస్తారు. మేనేజర్ నోటిమాటగా ఉండమంటాడు, అటు లాయర్ ఉత్తరం వెళ్ళిపోతుంది. అందుకే హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి రెండు విషయాలు లిఖితపూర్వకంగా తీసుకున్నాను: ఫలానా తేదీన ఇచ్చిన రాజీనామా రద్దయిందని, పిటిషన్ ఉపసంహరణకి ఏమీ పంపలేదు, పంపబోమని. ఆ జవాబు వచ్చేదాకా నాకు సరిగా నిద్రపట్టలేదు.

హెచ్‌1బీని తమ దగ్గరికి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ పిటిషన్‌ని కొత్త కంపెనీ అప్పటికే వేసేసింది. దానివల్ల పాతది చెల్లకుండా పోతుందేమోనని భయపడ్డాను. అలా పోదు. కొత్తది వేసినా, ఆమోదం పొందినా, ఆ ఒక్క కారణంతో పాత పిటిషన్ రద్దు కాదు. చేరకపోతే పాత చోటే కొనసాగవచ్చు. రిక్రూటర్‌కి ముందు ఫోన్ చేసి, తర్వాత మెయిల్ పెట్టాను. కారణం కూడా చెప్పాను, వాళ్ళ పాలసీ వల్లేనని. ఆవిడ నొచ్చుకున్నారు గానీ మర్యాదగానే మాట్లాడారు.

తిరిగి ఉండిపోయాక అంతా మునుపటిలాగే ఉందంటే అబద్ధం. కొన్ని నెలలు నన్ను పెద్ద డిజైన్ చర్చలకి పిలవలేదు. వెళ్ళిపోయే మనిషని ఒకసారి పేరు పడ్డాక అది చెరిగిపోవడానికి టైమ్ పడుతుంది. అది నాకు అన్యాయమనిపించలేదు. వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. ప్రకటనలు మాత్రం ఆ నెలలోనే మొదలయ్యాయి.

ఒకవేళ పాత చోట కాదనేసి ఉంటే? అందుకూ సిద్ధపడే వెళ్ళాను. కొత్త చోట చేరేముందే "మొదటి మూడు నెలల్లో పర్మ్ పని మొదలుపెడతాం" అని ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలనుకున్నాను. పాలసీకి మినహాయింపులిచ్చే కంపెనీలు ఉంటాయి, అడగాలంతే. అదీ కుదరకపోతే గడువు గుర్తుంచుకోవాలి. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఉద్యోగం పోయినా మనమే మానేసినా గరిష్ఠంగా 60 రోజులు ఇక్కడ ఉండనిస్తారు. ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిసిపోతే అప్పటిదాకానే. ఆ రోజుల్లో పని చేయకూడదు. ఈ లెక్క మెయిల్ పంపిన రోజు నుంచి కాదు, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి మొదలవుతుంది. అందువల్ల మనసు మారినవాళ్ళు చివరి తేదీని ఓ రెండు వారాలు పొడిగించమని అడిగినా లాభమే. రాజీనామా వెనక్కివ్వని మేనేజర్ కూడా ఆ మాత్రం ఒప్పుకోవచ్చు, పని అప్పగింతకి వాళ్ళకీ ఆ టైమ్ కావాలి కాబట్టి.