ఇల్లు విడిచిన కోడలే సంస్థానాన్ని నిలబెట్టింది

ఉల్మ్‌లో ఎక్కిన రైలు డాన్యూబ్ నది లోయ వెంబడి సాగి జిగ్మరింగెన్ చేరింది. దక్షిణ జర్మనీలో 17 వేల మంది ఉండే చిన్న ఊరు. నది ఒడ్డున నిటారుగా లేచిన సున్నపురాతి గుట్ట, దాని మీద హోహెన్‌జోలెర్న్ వంశం వారి కోట. 1535లో ఈ సంస్థానం వారి చేతికి వచ్చింది. 1893లో తూర్పు భాగం అగ్నికి ఆహుతైతే తిరిగి కట్టించారు. కోట ఇప్పటికీ ఆ కుటుంబానిదే.

లోపల ఆయుధశాలలో మూడు వేలకు పైగా కత్తులు, తుపాకులు, కవచాలు బారులు తీరి ఉన్నాయి. చాలామంది అక్కడే ఎక్కువసేపు ఆగారు. నా మనసు మాత్రం ఈ ఇంటి కోడలు అమాలీ జెఫిరీన్ మీదే ఉంది. సంస్థానం కష్టకాలంలో ఆ కత్తులేవీ అక్కరకు రాలేదు, ఆమె మాటే అక్కరకు వచ్చింది.

పారిస్‌లో పుట్టిన అమాలీ 1782లో కోడలిగా వచ్చి ఇక్కడ ఇమడలేకపోయింది. 1785లో పసికందును వదిలేసి, మగవేషంలో పారిస్ వెళ్లిపోయింది. అక్కడ జోసెఫీన్ అనే ఆవిడ‌తో స్నేహం కుదిరింది. ఫ్రెంచ్ విప్లవం నడుస్తున్న 1794లో అమాలీ అన్న, జోసెఫీన్ భర్త ఒకే రోజున తల నరికే యంత్రం గిలొటిన్‌కు బలయ్యారు. ఆ భయానక రోజుల్లో జోసెఫీన్ పిల్లలు యూజీన్, హోర్టెన్స్‌లను అమాలీ తన దగ్గర పెట్టుకుని చూసుకుంది. తర్వాత జోసెఫీన్ నెపోలియన్‌ను పెళ్లాడింది. ఫ్రాన్స్ చక్రవర్తి అయ్యాక 1806లో ఆయన జర్మనీలోని చిన్న సంస్థానాలెన్నిటినో పెద్ద రాజ్యాల్లో కలిపేశాడు. జిగ్మరింగెన్ మాత్రం మిగిలింది, పైగా కొత్త భూములు కూడా దక్కించుకుంది. ఆ స్నేహం చేసిన మేలు అది. 1808లో అమాలీ తిరిగి వచ్చినా, భర్తతో కాపురం మాత్రం చేయలేదు.

మర్నాడు ఇంజిగ్‌కోఫెన్ వెళ్లాను. ఊరికి కొద్ది దూరంలో, నదిని ఆనుకుని ఉన్న వనం అది. నీళ్లలోంచి లేచినట్టున్న కొండ ముఖాన ఆమె పేరు, మరణించిన ఏడాది 1841 పెద్ద అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. అవతలి ఒడ్డున నిలబడినా చదువుకోవచ్చు. ఇంతటి స్మారకానికి ఆమె పూర్తిగా తగినదే.

ఎందుకంటే ఆమె చేసిన మేలు అక్కడితో ఆగలేదు. 1848లో జర్మనీలో చెలరేగిన విప్లవం తర్వాత మనవడు కార్ల్ ఆంటన్ సంస్థానాన్ని పెద్ద జర్మన్ రాజ్యమైన ప్రష్యాకు అప్పగించేసినా, వంశానికి పరువు తగ్గలేదు. 1866లో మునిమనవడు కార్ల్ దొంగ స్విస్ పాస్‌పోర్టుతో, రైల్లో రెండో తరగతిలో బయలుదేరి, ఇదే డాన్యూబ్ మీద ఓడలో రుమేనియా చేరి పాలకుడయ్యాడు, 1881లో రాజయ్యాడు. ఆయనకు అండగా నిలిచిన ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మరెవరో కాదు, అమాలీ కాపాడిన హోర్టెన్స్ కొడుకే. నాలుగేళ్లు తిరగకముందే కార్ల్ అన్న లియోపోల్డ్‌ను స్పెయిన్ గద్దెనెక్కించాలన్న ప్రయత్నం జరిగింది. ఫ్రాన్స్ అందుకు ఒప్పుకోలేదు. ఆ తగవు పెరిగి, 1870లో మూడో నెపోలియన్ ప్రష్యా మీద యుద్ధం ప్రకటించి, ఓడి, సింహాసనం పోగొట్టుకున్నాడు.