బొగ్గు బాయిలర్‌ను గ్యాస్‌కు మార్చిన నా అనుభవం

కెనడాలోని ఆల్బర్టాలో ఒక పాత బొగ్గు యూనిట్‌ను సహజవాయువుకు మార్చే డిజైన్ పని బెంగళూరులోని మా ఆఫీసుకు వచ్చినప్పుడు, బర్నర్లు మారిస్తే సరిపోతుందనే అనుకున్నాను. బొగ్గు విద్యుత్తును 2030 నాటికి ఆపేస్తామని 2015లో ప్రకటించిన ఆ ప్రావిన్సు, 2024కే ఆ పని పూర్తి చేసింది. కొన్ని యూనిట్లలో టర్బైన్, జనరేటర్ అలాగే ఉంచి, బాయిలర్‌లో ఇంధనాన్ని మాత్రం మార్చారు.

మా బృందంలో పెద్దవారైన సార్ ఒకప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో పనిచేశారు. "బొగ్గు మంట తన వేడిని ఫర్నేస్ గోడలకే ఇచ్చేస్తుంది బాబూ, గ్యాస్ మంట అలా కాదు, వేడిని వెనక్కి మోసుకుపోతుంది" అన్నారు. అయితే గ్యాస్‌తో గోడలకు బూడిద పట్టదు కనుక అవి మునుపటికన్నా బాగానే వేడిని పీల్చుకుంటాయి. ఈ రెండింటిలో ఏది పైచేయి అవుతుందో తేల్చడానికే మాకు నెలలు పట్టింది. మా యూనిట్‌లో వేడి వెనక్కే మొగ్గింది, అంటే వెనక ఉండే, ఆవిరిని మరింత వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలను కాపాడడానికి ఆవిరిలోకి చల్లే స్ప్రే నీరు పెంచాలి. పైగా మీథేన్‌లోని హైడ్రోజన్ మండి ఆవిరిగా చిమ్నీ గుండా పోతుంది కనుక బాయిలర్ సామర్థ్యం కొంత తగ్గుతుంది. ఒక గిగాజౌల్ వేడికి బొగ్గు 95 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వదిలితే గ్యాస్ సుమారు 56 కిలోలే వదులుతుంది కాబట్టి ఆ నష్టం భరించదగినదే.

పైపులైను శుభ్రతకు గ్యాస్ వాడకూడదన్నది మాత్రం చర్చకు తావులేని విషయం. 2010 ఫిబ్రవరిలో అమెరికాలోని కనెక్టికట్‌లో అలా చేయబోయి పేలుడు జరిగి, ఆరుగురు చనిపోయారు. మేము నైట్రోజన్ రాయించాం.

మొదటిసారి వెలిగించిన రోజు ఇక్కడ రాత్రి 10:30, అక్కడ ఉదయం 10. కెమెరాలో నీలం మంట స్పష్టంగా కనిపిస్తూనే ఉంది, ఇంతలో మంట లేదంటూ యూనిట్ ట్రిప్ అయి దానంతటదే ఆగిపోయింది. లోపల మిగిలిన గ్యాస్ పోయేలా కనీసం 5 నిమిషాలు గాలితో పర్జ్ చేసి మళ్లీ ప్రయత్నించారు, మళ్లీ అదే. చూస్తే, ఒక మూలలో మంట ఉందో లేదో కనిపెట్టే, బొగ్గు మంట మినుకుకు సరిపెట్టిన పాత ఇన్‌ఫ్రారెడ్ స్కానర్లు అలాగే ఉన్నాయి. డ్రాయింగులో "పాతవే ఉంచాలి" అని రాసింది నేనే! సార్ ఏమీ అనలేదు, ఆ కాగితం నా ముందుకు జరిపారు, అంతే.

అతినీలలోహిత స్కానర్లు బిగించాక మరునాడు మంట నిలిచింది. పూర్తి లోడు దగ్గర స్ప్రే వాల్వు మాత్రం మా లెక్కకన్నా ఎక్కువే తెరుచుకుంది, దాంతో ఆ ఫైలు మళ్లీ తెరవాల్సి వచ్చింది.