ఫ్లోర్ రేకు పీకిన ఆదివారం

పొద్దున్నే టీ తాగి గ్యారేజీ షట్టర్ ఎత్తేశాం నేనూ నాన్నా. వాన లేదు, చలి కూడా పెద్దగా లేదు, ఇంగ్లండ్‌లో కారు పని చేసుకునేవాడికి ఇంకేం కావాలి. నిన్న రాత్రే బండిని నాలుగు స్టాండ్ల మీద పెట్టేసి సీట్లు, కార్పెట్టు తీసి పడేశా, కాబట్టి ఇవాళ డైరెక్టుగా ఫ్లోర్ పనే.

నాది షోరూం కారు కాదు, కిట్ కారు, అంటే పార్టులు తెచ్చి ఇంట్లో బిగించుకునేది. 1957లో లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అని రెండు సీట్ల చిన్న కారు తెచ్చాడు, అప్పట్లో బ్రిటన్‌లో పూర్తిగా బిగించిన కారు కొంటే పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి, పార్టులుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. కాకపోతే ఎలా బిగించాలో రాసిన కాగితం మాత్రం ఇవ్వకూడదట, అందుకని ఎలా విప్పాలో రాసి ఇచ్చేవాళ్ళట, దాన్ని కిందనుంచి పైకి చదువుకోవడమే అని ఇక్కడ అందరూ చెప్తారు. ఇది విని నాన్న భలే సంబరపడ్డాడు. 1973లో కేటర్‌హామ్ అనే కంపెనీ వాళ్ళు ఆ డిజైన్ తీసుకున్నారు, ఇప్పటికీ చేస్తున్నారు. అదే ఆకారంలో ఇంటి గ్యారేజీల్లో కట్టుకున్న బళ్ళు ఈ దేశంలో చాలానే ఉన్నాయి, నాదీ అలాంటిదే, 25 మిల్లీమీటర్ల చదరం గొట్టాలు వెల్డింగ్ చేసిన ఛాసిస్, పాత ఫోర్డ్ సియెరా ఇంజను. కట్టింది నా ముందు ఓనరు.

ఈ బళ్ళలో ఫ్లోర్ అంటే ఇనప గొట్టాల కింద రివెట్లు కొట్టిన ఒక అల్యూమినియం రేకు, అంతే. దానికి జానెడు కింద రోడ్డు. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ నీళ్ళు రేకుకీ గొట్టానికీ మధ్య సందులోకి దూరతాయి, అల్యూమినియం, ఇనుము, ఉప్పు నీళ్ళు మూడూ ఒకచోట చేరితే అక్కడ చిన్న బ్యాటరీయే తయారై ముందు అల్యూమినియాన్ని తినేస్తుంది. పైన కార్పెట్టు అంటించి ఉంటే ఇంకా ఘోరం, తడి ఆరనే ఆరదు, పైకి ఏమీ కనపడదు. కొత్తది వేశాక కార్పెట్టు అంటించే ప్రశ్నే లేదు, తీసి దులుపుకునే రబ్బరు మ్యాట్ చాలు.

నాన్న విజయవాడ ఆటోనగర్లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఏళ్ళ తరబడి చేశాడు, రేకు పని ఆయన చేతుల్లో ఉంది. నేను డ్రిల్లుతో రివెట్ తలలు తీస్తుంటే కొన్ని రివెట్లు బిట్‌తో పాటే తిరుగుతున్నాయి, తెగవు. "ఆగరా, ఆ డ్రిల్లు పక్కన పెట్టు, చిజిల్ ఇటివ్వు" అన్నాడు. తల కింద చిజిల్ అంచు ఆనించి ఒక్క దెబ్బ, తల ఎగిరిపోయింది. అలా వరసగా కొట్టుకుంటూ పోతే మధ్యాహ్నానికి రేకు మొత్తం ఊడి వచ్చేసింది, అంచుల వెంబడి తెల్లటి పొడి, డ్రైవర్ మడమ ఆనేచోట గుల్ల అయిపోయి వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది.

తర్వాత నాన్న చిన్న సుత్తి తీసుకుని గొట్టాలన్నీ వరసగా తట్టుకుంటూ పోయాడు, నేను లైటు పట్టుకున్నా. ప్యాసింజర్ వైపు అంతా ఖణేల్‌మంటోంది. డ్రైవర్ వైపు సీటు బెల్టు బోల్టు దగ్గర మాత్రం శబ్దం మొద్దుగా వచ్చింది. "ఇది పోయిందిరా, పెయింటే పట్టుకుని ఉంది" అన్నాడు. వైర్ బ్రష్ పెడితే నిజంగానే చిల్లు. బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూడ్డానికి ఇక్కడ ఏటా జరిగే ఎంఓటీ టెస్టులో బెల్టు బిగించే చోటుకి 30 సెంటీమీటర్ల లోపు తుప్పుతో బలం పోయి ఉంటే ఫెయిల్ చేస్తారు, చెయ్యాలి కూడా, యాక్సిడెంట్‌లో మనిషిని పట్టి ఉంచేది ఆ ముక్కే కదా. కాబట్టి ఆ ముక్క కోసి కొత్త గొట్టం వెల్డింగ్ చేయించాలి, అది అయ్యేదాకా అటువైపు రేకు ఆగాల్సిందే.

"మామయ్యగారూ, అన్నం చల్లారిపోతోంది" అని మా ఆవిడ రెండోసారి పిలిస్తే గానీ కదల్లేదు ఆయన.

భోంచేశాక ప్యాసింజర్ వైపు వేసేశాం. 1.6 మిల్లీమీటర్ల రేకు, ముందుగా అట్ట మీద కొలత తీసి కోసి పెట్టుకున్నదే. గొట్టాలకి జింక్ ప్రైమరూ, పెయింటూ ఆ వైపు పోయిన వారమే సందుల్లోంచి కొట్టి పెట్టా, ఇవాళ రేకు ఆనే అడుగు భాగం కూడా బాగా తోమి టచప్ చేసి, ఆరాక మధ్యలో పాలీయురేథేన్ సీలెంట్ దట్టంగా రాసి, 50 మిల్లీమీటర్లకొకటి చొప్పున 4.8 మిల్లీమీటర్ల రివెట్లు. మామూలు పాప్ రివెట్ కాదు, మూతి మూసుకుని ఉండేవి, లేకపోతే రివెట్ మధ్య బొక్కలోంచి గొట్టం లోపలికి నీళ్ళు పోతాయి. నాన్న మూలల్లో ముందు, తర్వాత మధ్యలో, తర్వాత ఆ సగాల్లో సగాల్లో కొట్టించాడు, ఒక చివర నుంచి మొదలెడితే రేకు ఉబ్బుతుందట, బస్సు టాపుకి కూడా ఇదే పద్ధతట. ఎక్కడా ఒక్క ముడత లేదు, చెయ్యి పెట్టి తడిమి తడిమి చూసుకున్నా.

పొద్దు ఉండగానే ముందు చక్రాల విష్‌బోన్‌లు, అంటే చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే చేతుల్లాంటివి, అవి కూడా చూశా. అవి ఛాసిస్‌కి బిగిసేచోట ఉండే రబ్బరు బుష్‌లు పగిలిపోయాయి, ఎడమ వైపు కింద, చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ వదులైంది, బ్రేకులు వేసినప్పుడు స్టీరింగ్ పక్కకి లాగేది ఇందుకే అయ్యుంటుంది. బుష్‌లు పాలీయురేథేన్‌వి తెచ్చి పెట్టుకున్నా, గ్రీజు సరిగ్గా పెడితే అరవవు. వెనక వైపు రబ్బరువే ఉంచుతా, వాటి బోల్టులు మాత్రం బండి చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి, గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. తీసిన నైలాక్ నట్లన్నీ, అంటే వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి, డబ్బాలో పడేశా, మళ్ళీ వాడేది లేదు, కొత్తవే.

బాల్ జాయింట్‌కి ఆర్డర్ పెట్టా, వెల్డింగాయన శనివారం వస్తానన్నాడు. నాన్న ఫ్లైట్ నెలాఖరున, ఈలోపు డ్రైవర్ వైపు రేకు కూడా పడాలి, ఆ వైపు రివెట్ గన్ ఆయన చేతికే ఇస్తానని చెప్పా.