నేర్చుకునేవాళ్లకి అన్నం ఎవరు పెడతారు?

ఇంగ్లండ్ దక్షిణాన, వెస్ట్ ససెక్స్‌లో మేముండే వైపు లావంట్ అనే చిన్న ఏరు ఉంది. ఎండాకాలం వెళ్లి చూస్తే గడ్డి మొలిచిన వట్టి కాలువలా ఉంటుంది. ఇక్కడి కొండలన్నీ సుద్దరాయి. చలికాలం వానలు ఆ రాయిలోకి ఇంకి, లోపల నీటిమట్టం పైకొచ్చాక గానీ ఏరు పారదు. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో నిండుగా, గాజంత తేటగా పారుతుంది. ఆ ఏటి ఒడ్డునే వెస్ట్ డీన్ ఉంది. చేతిపనులు నేర్పే కాలేజీ, దాని చుట్టూ తోటలు. ఆ కాలేజీ వంటగదిలో నా ఉద్యోగం.

మా ఆయన చిచెస్టర్‌లో నర్సు. ఆయన వీసా మీద డిపెండెంట్‌గా వచ్చాను. పుట్టి పెరిగింది మంగళగిరిలో, చేనేత ఇంట్లో. నాన్న ఇప్పటికీ నేలలో గుంట తీసి అమర్చిన గుంటమగ్గం మీద నేస్తారు. అమ్మ నూలు కండెలు చుడుతుంది. ఇది ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ కాలేజీలో నేను చూసే ప్రతిదాన్నీ ఆ మగ్గం పక్కన పెట్టి చూడకుండా ఉండలేను.

పొద్దున్నే చిచెస్టర్ నుంచి మిడ్‌హర్స్ట్ వెళ్లే 60 నంబరు బస్సెక్కుతాను. మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు. దాంతో కొన్నాళ్లు పొద్దున మళ్లీ చీకటిగానే ఉంటుంది, సాయంత్రం మాత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చినా వెలుతురుంటుంది. చలికాలమంతా చీకట్లో వెళ్లి చీకట్లో వచ్చినవాళ్లకే ఆ సాయంత్రం విలువ తెలుస్తుంది. కంచెల వెంబడి బ్లాక్‌థార్న్ పొదలు ఆకు రాకముందే తెల్లగా పూస్తాయి. ఆ పూత మీదే మళ్లీ చలి విరుచుకుపడుతుంది. దాన్ని ఇక్కడివాళ్లు బ్లాక్‌థార్న్ వింటర్ అంటారు. స్వెటర్ లోపల పెట్టేద్దామనుకున్న ప్రతిసారీ ఆ మాట నిజమవుతుంది.

కాలేజీ నడిచే ఇల్లు చెకుముకిరాళ్లు పొదిగి కట్టిన పెద్ద భవనం. 1804 ప్రాంతంలో జేమ్స్ వయట్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేశాడు. 1891లో విలియం జేమ్స్ అనే ధనవంతుడు కొన్నాడు. ఆయన కొడుకు ఎడ్వర్డ్ జేమ్స్ కవి, సాల్వడార్ డాలీ లాంటి, కలల్లో కనిపించేలాంటి వింత బొమ్మలు వేసే సర్రియలిస్టు చిత్రకారులకు డబ్బిచ్చి బొమ్మలు వేయించినవాడు. ఆయన భార్య టిల్లీ లోష్ నర్తకి. ఆమె స్నానం చేసి మెట్లెక్కినప్పుడు పడ్డ తడి పాదముద్రల్ని కార్పెట్‌లో నేయించాడనీ, విడిపోయాక తన కుక్క అడుగులతో ఇంకో కార్పెట్ నేయించాడనీ చెబుతారు. అందరూ ఆ కథ విని నవ్వుతారు. నాకు మాత్రం దాన్ని నేసినవాళ్లెవరో అనిపిస్తుంది. కథలో వాళ్ల పేరు రాదు.

అయితే ఎడ్వర్డ్ జేమ్స్ మీద నాకు గౌరవం కలిగింది వేరే విషయానికి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లోనే ఆయన రచయిత ఆల్డస్ హక్స్లీకి ఒక ఉత్తరం రాశాడు. యుద్ధం ముగిసేసరికి చేతిపనుల మెళకువలు తెలిసినవాళ్లు మిగలరేమోననీ, తన ఎస్టేటును వాటిని కాపాడి నేర్పే చోటుగా మార్చాలనీ అందులో ఆలోచన చెప్పాడు. 1964లో ఇల్లూ భూములూ ట్రస్టుకు రాసిచ్చాడు. 1971లో కాలేజీ తెరిచారు. ఆయన 1984లో పోయాడు. ఇక్కడి సెయింట్ రోచ్ కొండ మీది చెట్లతోటలోనే సమాధి. భూమి ఇచ్చిన మనిషి గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది, కాసేపాగి అక్కడికే వస్తాను.

మా వంటగదికి వసంతం తోట తలుపు నుంచే వస్తుంది. ఎత్తైన గోడల మధ్య కూరగాయల తోట, అందులో 1890 నుంచి 1900 లోపు కట్టిన, మొక్కలు వెచ్చగా పెంచే 13 గాజు ఇళ్లు. ఈ తోటను జిమ్ బక్లండ్, సారా వెయిన్ అనే భార్యాభర్తలు 1991 నుంచి బాగుచేశారు. అంతకుముందు 1987 అక్టోబరు తుఫాను ఇక్కడి చెట్లను విపరీతంగా పడగొట్టింది. వాళ్లిద్దరూ రిటైరయ్యేదాకా తోట మీదే ఉన్నారు. ఇప్పుడు సందర్శకులు టికెట్ కొనుక్కుని వచ్చి, మూడొందల అడుగుల పెర్గోలా, అంటే తీగలు పాకించిన పందిరి, కింద నడుస్తూ ఫొటోలు తీసుకుంటారు.

ముందొచ్చేది రుబార్బ్, పుల్లటి కాడల మొక్క. మట్టి కుండల్లాంటివి బోర్లించి చీకట్లో పెంచుతారు, కాడలు గులాబీ రంగులో లేతగా సాగుతాయి. వీళ్లు చక్కెరతో ఉడికించి తీపి చేస్తారు. నేను ఇంట్లో పప్పులో వేస్తాను. గోంగూర పులుపు రాదు గానీ, దానికి చాలా దగ్గర్లో ఉంటుంది. కాడలే వాడాలి. ఆకుల్లో ఆక్జాలిక్ ఆమ్లం ఎక్కువ, విషం. తర్వాత ముల్లంగి, పాలకూర, ఏప్రిల్ చివరికి ఆస్పరాగస్. చెట్ల నీడన అడవి వెల్లుల్లి ఆకు ఎంత దట్టంగా లేస్తుందంటే, బస్సు దిగగానే తిరగమోత వాసన కొడుతుంది.

గాజు ఇళ్లలో తోటవాళ్ల పని, రోగి మీద కన్నేసి ఉంచే నర్సు డ్యూటీ లాంటిది. పొద్దున ఎండ పొడుచుకురాగానే పైకప్పు కిటికీలు తెరవాలి. మధ్యాహ్నం నేల తడపాలి. లోపలి వేడి బయటికి పోకముందే సాయంత్రం మూసేయాలి. పీచ్ చెట్లు తేనెటీగలు తిరగని చలిలోనే పూస్తాయి కాబట్టి, కుంచెతో ఒక్కో పువ్వునూ తాకి పుప్పొడి అద్దుతారు. ఈ పనులు పుస్తకం చూసి చేసేవి కావు. ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్నవి.

అక్కడే మిరప మొక్కలు. వెస్ట్ డీన్‌కి మిర్చితో పాత అనుబంధం ఉంది. వందకు పైగా రకాలు పెంచేవాళ్లు, ఏళ్ల తరబడి ఆగస్టులో మిర్చి పండగ జరిగేది. తోటలో పనిచేసే ఒకావిడ నేను గుంటూరు జిల్లా మనిషినని తెలిశాక నన్ను లోపలికి పిలిచి చూపించింది. చలికాలం చివర్లోనే గింజలు వేసి, వేడి చాప మీద పెట్టి మొలిపిస్తారట. ఏప్రిల్లో నాలుగాకులు వేసి, చిటికెన వేలంత ఉన్నాయి.

"మీ దగ్గర ఎప్పుడు నారు పోస్తారు?" అని అడిగింది.

"మాకు జులై, ఆగస్టుల్లో. ఇప్పుడైతే కోతలయిపోయి కళ్లాల్లో ఎండుతుంటాయి."

ఫోన్లో ఫొటో చూపించాను. ఎర్రగా పరిచిన కాయల మధ్య ముక్కుకి చెంగు కట్టుకున్న ఆడవాళ్లు. ఆవిడ చాలాసేపు చూసి, "ఎన్ని ఎకరాలు?" అనలేదు, "వాళ్ల చేతులు మండవా?" అని అడిగింది. తోటపని చేసే మనిషి అడిగే ప్రశ్న అది. మండుతాయి, రాత్రి నిద్రపట్టదు, కొబ్బరినూనె రాసుకుంటారు అని చెప్పాను.

కాలేజీకి రెండు రకాలవాళ్లు వస్తారు. ఏడాది, రెండేళ్లు ఉండి పాత గడియారాలు, పుస్తకాలు, పింగాణీ, కుర్చీలు బల్లలు బాగుచేయడం నేర్చుకునే విద్యార్థులు ఒకరకం. వారాంతానికో వారానికో బుట్టలల్లడం, కుండలు, కమ్మరం, రాతి చెక్కడం, వెండిపని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు రెండోరకం. చలి తగ్గేకొద్దీ ఈ రెండోరకం పెరుగుతారు. రిటైరైన టీచర్లు, డాక్టర్లు, ఆఫీసు పనితో విసిగినవాళ్లు, ఒక్కోసారి తల్లీకూతుళ్లు. అందరూ మధ్యాహ్నం ఒకే వరసలో ప్లేటు పట్టుకుని నా ముందుకొస్తారు.

ఎవరు ఏ కోర్సో నాకు చేతులు చూస్తే తెలుస్తుంది. రాతిపనివాళ్ల గోళ్ల చుట్టూ తెల్లటి పొడి. కమ్మరం వాళ్ల మణికట్టు మీద చిన్న చిన్న కాలిన మచ్చలు. తొక్క తీయని విల్లో చెట్టు కొమ్మలతో బుట్టలల్లేవాళ్ల వేళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. విల్లో గురించి నాకు ఇక్కడే తెలిసింది. చలికాలంలో కోసిన కొమ్మల మొదళ్లు నీళ్లలో నిలబెడతారు. వసంతంలో వాటికి జీవం తిరిగి, ఆకు పొడుస్తుంది. ఆ కొద్ది రోజుల్లోనే తొక్క సులువుగా ఊడి, లోపలి తెల్లటి బద్ద బయటపడుతుంది. మన మేదరవాళ్లు వెదురు చీల్చే తీరు వేరు గానీ, కొమ్మ ఏ అదనులో మాట వింటుందో తెలిసి ఉండటం మాత్రం ఒక్కటే.

ఇక నేత. ఇక్కడి టేపెస్ట్రీ స్టూడియో, అంటే గుడ్డలోనే బొమ్మలు నేసే చోటు, 1976లో, శిల్పి హెన్రీ మూర్ బొమ్మల్ని నేయడంతో మొదలైంది. స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్ కోట కోసం ఏడు పెద్ద తెరలు నేసే పని 2001లో మొదలుపెట్టి, దాదాపు పదమూడేళ్లు చేశారు. అందులో కొన్ని ఇక్కడే నేశారు. ఒక ఒంటికొమ్ము గుర్రాన్ని వేటాడే దృశ్యాలు. ఏడు గుడ్డలకి పదమూడేళ్లు. ఈ మాట నాన్నకి చెబితే నమ్మలేదు.

టేపెస్ట్రీ మగ్గం నిలువుగా ఉంటుంది. అడ్డపోగైన పేకని మోసే నాడె, నిలువుపోగులైన పడుగులో ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెత్తదు. ఏ రంగు ఎక్కడుండాలో అక్కడికే ఆ పేకని తిప్పి, వెనక్కి తెచ్చి, కొట్టి దిగేస్తారు. వీడియో కాల్‌లో ఆ తరహా నేత చూపించినప్పుడు నాన్న కళ్లజోడు సరిచేసుకుని చూశారు.

"పడుగు కనపడటం లేదే! పేకే మొత్తం మింగేసింది."

"అదే పద్ధతి నాన్నా. ఉప్పాడ జాందానీ చీరలో బుటా వరకూ చేసేది, ఇక్కడ గుడ్డంతా అలాగే చేస్తారు."

"బాగుంది. మరి వారానికి ఎన్ని గజాలు దిగుతుంది?"

"గజాల లెక్క కాదు. నెలలు పడుతుంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "అన్ని నెలలూ అక్కడ నేర్చుకునేవాళ్లకి అన్నం ఎవరు పెడతారే?"

"నేనే నాన్నా" అన్నాను. నిజమే కదా. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఆ ప్రశ్న అక్కడితో ఆగలేదు.

చేనేత చచ్చిపోతోందని అందరూ బాధపడుతూ రాస్తారు. పనితనం తగ్గిందనో, కుర్రాళ్లకి ఓపిక లేదనో అంటారు. ఇక్కడ పనిచేశాక నాకు అది అబద్ధమనిపిస్తోంది. మంగళగిరిలో పనితనానికి ఏం కొదవ? నిజాం అంచు చీర నేసే మనిషి వేళ్లలో ఉన్నది ఈ కాలేజీలో ఎవరికైనా పాఠం కాగలదు. నూలు పోగులు వరసగా పేర్చి ఆసు పోసే ఆడవాళ్లు, పాత పడుగుకి కొత్త పోగులు కలిపి అచ్చు అతికేవాళ్లు, ఒక్కొక్కరూ ఒక్కో కోర్సు. మనకి లేనిది పని చుట్టూ ఉండాల్సిన చోటు. నేర్చుకునేవాడు పడుకోవడానికి గది, వేళకి భోజనం, గురువుకి జీతం, పదేళ్ల తర్వాత కూడా అమ్ముడుపోని నేల. ఎడ్వర్డ్ జేమ్స్ ఇచ్చింది కళాభిరుచిని కాదు, నేలని. దానిమీద వచ్చే ఆదాయం ఉంది, తోట టికెట్లున్నాయి, ఫీజులున్నాయి. గాజు కిటికీ తెరిచే మనిషి, మెట్లు ఊడ్చే మనిషి, గిన్నెలు కడిగే నేను, అందరం కలిస్తేనే ఒకరు నిశ్చింతగా కూర్చుని నేత నేర్చుకోగలుగుతున్నారు.

ఇక్కడి ఫీజులు సామాన్యుడికి భారమే, అది కూడా చెప్పాలి. ఇంత ఆస్తి రాసిచ్చే దొరలు మనకి దొరకరు, దొరకాలని ఎదురుచూడనూ అక్కర్లేదు. మంగళగిరికి ఇప్పుడు ఒకవైపు ఎయిమ్స్, మరోవైపు రాజధాని. గజం రేటు చెప్పుకునే ఊళ్లో మగ్గం గుంటకి ఇన్ని అడుగుల చోటు వృథా అని మా పక్కింటివాళ్లే గుంట పూడ్చి గది అద్దెకిచ్చారు. వాళ్లని తప్పు పట్టలేను. వానాకాలం గుంటల్లోకి నీళ్లొచ్చి పని ఆగిపోయిన రోజుల్లో అప్పు చేసి తిన్నవాళ్లు వాళ్లు.

ఈ ఏప్రిల్లో బ్లూబెల్స్ అనే నీలి పూలు పూసే వేళకి, విరామంలో ఏటి ఒడ్డున కూర్చుని ఇంటికి ఫోన్ చేసి నా ఆలోచన చెప్పాను. మాకు సెలవు దొరికితే ఫాల్గుణ మాసంలో, లక్ష్మీనరసింహస్వామి తిరునాళ్ల వేళకి మంగళగిరి వెళ్తాం. అప్పటికి వానలు ఉండవు, గుంటలు పొడిగా ఉంటాయి. ఒక వారం పాటు, నేత నేర్చుకోవాలని ఉన్నవాళ్లని మా ఇంట్లోనే ఉంచుకుని నేర్పిద్దాం. డబ్బు తీసుకునే నేర్పిద్దాం. నాన్నకి రోజు కూలి కాదు, గురువుకిచ్చే ఫీజు ఇద్దాం. కండెలు చుట్టడం అమ్మ నేర్పుతుంది, ఆమెకీ విడిగా ఇద్దాం. వంట నేను చూసుకుంటాను, అది నాకు వచ్చిన పని.

అమ్మ వెంటనే సందేహాలు మొదలుపెట్టింది. ఆడపిల్లలొస్తే ఎక్కడ పడుకుంటారు, కాఫీ తాగుతారా టీ తాగుతారా, తిరునాళ్ల రోజు పని పెట్టకూడదు కదా అని. అవన్నీ ఇక్కడ మా మేనేజరు ప్రతి సోమవారం మమ్మల్ని అడిగే ప్రశ్నలే. నాన్న మాత్రం మగ్గాల లెక్క వేసుకుంటున్నారు. మాది ఒకటి, బాబాయి వాళ్లవి రెండు, వీధి చివర మూలపడ్డది ఒకటి బాగుచేయించవచ్చు.

"నలుగురిని పిలువమ్మా. భోజనానికి పదిమందొచ్చినా పెడతాం, ఐదో మనిషికి మగ్గం లేదు" అన్నారు.