ప్లేటో కంటే ముందు ఏథెన్స్

సివిల్స్‌లో రాజనీతి శాస్త్రం ఆప్షనల్‌గా తీసుకున్నవారికి ప్లేటో, అరిస్టాటిల్ తప్పరు. చాలామంది నేరుగా ఆదర్శ రాజ్యంతో మొదలుపెడతారు. నేను ముందు ఏథెన్స్ ఊరిని, పౌరులు కూడి నిర్ణయాలు తీసుకునే అక్కడి సభను చదివాను. సిద్ధాంతాలు ఆ తర్వాత సులువుగా పట్టుబడ్డాయి.

నా నోట్సులో ఎక్కువ పేజీలు క్రీ.పూ. 427 నాటి మిటిలీని చర్చవే. లెస్బోస్ దీవిలోని ఆ నగరం ఏథెన్స్‌పై తిరగబడి చివరికి లొంగిపోయింది. అక్కడి మగవాళ్లందరినీ చంపాలని, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా చేయాలని సభ తీర్మానించి ఓడను పంపేసింది. తెల్లవారేసరికి జనానికి మనసు ఒప్పలేదు. మళ్లీ సభ కూడింది. మాట మారిస్తే సామ్రాజ్యం నిలవదన్నాడు ఏథెన్స్ నాయకుడు క్లియాన్. అతనికి ఎదురు మాట్లాడిన డయోడోటస్ జాలి చూపమని అడగలేదు. లొంగినా చావు తప్పదని తెలిస్తే రేపు తిరగబడే ఏ ఊరూ లొంగదు, నష్టం మనకే అన్నాడు. చేతులెత్తిస్తే వెంట్రుకవాసిలో నెగ్గాడు. శిక్ష ఆపమని చెప్పడానికి రెండో ఓడను పంపారు. ఆ ఓడవాళ్లు ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండి తింటూనే తెడ్లు వేసి, శిక్ష అమలయ్యేలోపు చేరుకున్నారు. తిరుగుబాటు సూత్రధారులకు మాత్రం మరణశిక్ష తప్పలేదు.

జనం మనసు నిలకడలేనిదన్న ప్లేటో భయానికీ, పదిమంది ఆలోచన ఒక్కరి తెలివిని మించవచ్చన్న అరిస్టాటిల్ ఆశకూ ఇదే ఉదాహరణ. ప్రజాస్వామ్య విమర్శపై ప్రశ్న కనిపిస్తే నేను దీన్నే వాడతాను.

నాటకాలను సంస్కృతి కింద ఒక వాక్యంతో సరిపెట్టకండి. అవీ పోటీలే. న్యాయనిర్ణేతలను చీటీలు తీసి ఎంపిక చేసేవారు, ఖర్చు సంపన్న పౌరుల మీద పడేది. క్రీ.పూ. 472లో నాటకకర్త ఈస్కిలస్ రాసిన 'పర్షియన్లు' నాటకానికి ఖర్చు పెట్టుకున్నది, తర్వాత ఏథెన్స్ నాయకుడైన యువ పెరిక్లీస్. ఓడిన శత్రువు శోకాన్ని గెలిచినవాళ్ల ముందే ఆడిన నాటకమది. అయినా బహుమతి గెలిచింది. క్రీ.పూ. 424లో హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ క్లియాన్‌ను రంగస్థలం మీద తూర్పారబట్టి మొదటి బహుమతి కొట్టాడు. ఆ తర్వాత అదే జనం క్లియాన్‌ను సేనానిగా ఎన్నుకున్నారు. (నవ్వు వేరు, ఓటు వేరు. మనకు కొత్తేమీ కాదు.)

స్త్రీలకు, బానిసలకు, పరదేశీయులకు హక్కుల్లేవన్న వాక్యాన్ని అందరూ జవాబు చివర అతికిస్తారు. దాన్ని అరిస్టాటిల్ దగ్గరే చెప్పండి. తీర్పులోను, పదవిలోను పాలుపంచుకునేవాడే పౌరుడన్న ఆయన స్టగిరా నుంచి వచ్చిన పరదేశి. ఏథెన్స్ సభలో నోరు విప్పే హక్కు ఆయనకే లేదు. పది మార్కుల ప్రశ్నకు దొరికే 150 పదాల్లో నిర్వచనమూ, దాని పరిమితీ ఒకేచోట సరిపోతాయి.